కోర్ట్నీ బార్నెట్ 2015 ఆల్బమ్: ఐదో పాట కోసమే

ఆస్ట్రేలియా గాయని కోర్ట్నీ బార్నెట్ ఈ ఆల్బమ్‌కి వచ్చిన అవార్డుల గురించి, ఆమె ఎడమచేతి గిటార్ గురించి అందరూ రాసేశారు. నేను రాయాలనుకున్నది ఇందులో ఐదో పాట, ఒక్క 'డిప్రెస్టన్' గురించే. 'సమ్‌టైమ్స్ ఐ సిట్ అండ్ థింక్, అండ్ సమ్‌టైమ్స్ ఐ జస్ట్ సిట్' మా ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ నేను ఎక్కువగా విన్న పాట అదే.

మొదలయ్యేది చిల్లర లెక్కలతో. కాఫీ ఇంట్లోనే కాచుకుంటే వారానికి 23 డాలర్లు మిగులుతున్నాయట. ఇద్దరు మెల్‌బోర్న్ ఉత్తరాన ప్రెస్టన్‌లో ఇల్లు చూడటానికి వెళ్తారు. తోట ఉంది, రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది, కారు ఒక్కటే అయితే సామాన్లు పెట్టుకోవచ్చు. ఇక్కడిదాకా నవ్వొస్తుంది. ధర తక్కువెందుకంటే, అందులో ఉన్న మనిషి పోయింది. అప్పుడు కనిపిస్తుంది స్నానాల గదిలో పట్టుకోవడానికి బిగించిన కడ్డీ. తర్వాత కాఫీ, టీ, పిండి డబ్బాలు. వియత్నాంలో ఒక కుర్రాడి ఫొటో. ఇక ఇల్లు ఏ ముఖమో, నేల ఎలా ఉందో ఆలోచించడం పాడుతున్నావిడ వల్ల కాదు. గొంతు మాత్రం కాఫీ లెక్క చెప్పిన గొంతే.

ఆపైన ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది: అర మిలియన్ డాలర్లు మిగులుంటే దీన్ని పడగొట్టి కొత్తది కట్టుకోవచ్చు. మొదటిసారి అది ఏజెంటు మాటలా ఉంటుంది. వినగా వినగా, ఒక్క పదం మారకుండానే, ఆ పోయినావిడ బతుకంతా దానికింద నలుగుతున్నట్టు ఉంటుంది.

మేమూ ఇల్లు వెతుక్కుంటూ శనివారాలు మెల్‌బోర్న్‌లోనే కోబర్గ్ వైపు తిరిగాం. ఒక పాత ఇంట్లో ఏజెంటు, "ఇల్లు లెక్కలో వేసుకోకండి, స్థలం చూడండి" అన్నాడు. పెరట్లో హిల్స్ హాయిస్ట్‌కి, అంటే బట్టలారేసే తిరుగుడు స్టాండుకి, బట్టల క్లిప్పులు ఎండకి వెలిసిపోయి ఇంకా వేలాడుతున్నాయి. మా ఆయన గదుల కొలతలు చూస్తున్నారు. నా కాళ్లు ఆ క్లిప్పుల దగ్గరే ఆగిపోయాయి. ఆ పాట తెలియకపోతే నేనూ స్థలమే చూసి వచ్చేసేదాన్ని.

మిగతా పాటలన్నీ ఇంత నిలవలేదు. 'పెడెస్ట్రియన్ ఎట్ బెస్ట్' కొత్తలో పెద్ద సౌండుతో వినేదాన్ని, ఇప్పుడు పొద్దున నడకలో తప్ప పెట్టను. ఏడు నిమిషాల 'స్మాల్ పాపీస్'లో గిటార్ బాగుంటుంది, అయినా సగంలో దాటేస్తున్నాను. 'ఎలివేటర్ ఆపరేటర్' మాత్రం పాతబడలేదు. ఉద్యోగం ఎగ్గొట్టి మెల్‌బోర్న్‌లోని నికొలస్ బిల్డింగ్ ఎక్కిన కుర్రాడు దూకేస్తాడని ఒకావిడ కంగారుపడుతుంది. అతను వచ్చింది పైనుంచి ఊరు చూసుకోవడానికి.

రాగం కోసం వినేవాళ్లకి నచ్చుతుందని చెప్పలేను. "పాడట్లేదు, మాట్లాడుతోంది కదా" అంటారు మా ఆయన. ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఆ యాస నాకు తేలిక. అలవాటు లేనివాళ్లు సాహిత్యం ఎదురుగా పెట్టుకోవాలి. అద్దెకుంటూ సొంతిల్లు వెతుకుతున్నవాళ్లయితే మాత్రం ఐదో పాటతో మొదలుపెట్టండి.