బరువు తగ్గితే చాలు, మందం తగ్గకపోయినా పర్లేదు: బిజినెస్ ల్యాప్‌టాప్‌తో నాలుగో ఏడు

నేను జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పనులు చూస్తాను. ఉండేది ఒడిశాలోని రాయగడలో. వారంలో సగం రోజులు గుణుపురం, మునిగుడ, పార్వతీపురం తిరగాలి. దుకాణంలో గల్లా పక్కన కాస్త చోటు దొరికితే అదే నా ఆఫీసు. నా దగ్గరున్నది 14 అంగుళాల పలుచని బిజినెస్ ల్యాప్‌టాప్: బరువు 1.1 కిలోలు, మందం 15 మిల్లీమీటర్లు, 16 జీబీ మెమరీ, 57 వాట్ అవర్ బ్యాటరీ. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నిటికీ వర్తించే సంగతులే ఇవి.

ముందుగా బరువు. ఇంతకుముందు వాడినది ఛార్జరుతో కలిపి మూడు కిలోల దాకా ఉండేది. సాయంత్రానికి భుజం పట్టేసేది. ఇప్పుడు ఫైళ్లు, నీళ్ల సీసా, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే సంచిలో వేసుకుని నిలబడి ప్రయాణం చేసినా బాధ లేదు. ఈ ఒక్క కారణానికే మళ్లీ తేలికదే కొంటాను. అయితే తేలిక వేరు, పలుచన వేరు. కార్బన్ ఫైబర్, మెగ్నీషియం లాంటివి వాడితే బరువు తగ్గుతుంది. మందం తగ్గించాలంటే మాత్రం లోపల ఏదో ఒకటి వదులుకోక తప్పదు. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ పేరుతో మందానికి హద్దు పెట్టినప్పటి నుంచి కంపెనీలన్నీ మిల్లీమీటర్లలోనే పోటీ పడుతున్నాయి. వదులుకున్నవేమిటో వాడేవాళ్లకు ఏడాది గడిచాక గానీ తెలియదు.

మొదట తెలిసేది వేడి. ఇందులోది 15 వాట్ల ప్రాసెసర్. కాసేపటి వరకు దానికి రెండు మూడు రెట్లు కరెంటు లాగి వేగంగా పనిచేస్తుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. పలుచని పెట్టెలో ఫ్యాన్ కూడా పలుచనే, దాని రెక్కలు తోసే గాలి తక్కువ. చిప్ 100 డిగ్రీల దాకా తట్టుకుంటుందనుకోండి. 25 డిగ్రీల ఏసీ గదిలో వేడి బయటికి పోవడానికి 75 డిగ్రీల తేడా ఉంటుంది. మే నెలలో దుకాణం రేకుల కింద 42 ఉంటే ఆ తేడా 58కి పడిపోతుంది. అంటే చల్లార్చే శక్తిలో దాదాపు పావు వంతు అక్కడే పోయినట్టు. పెద్ద ఎక్సెల్ షీటు తెరిచి పక్కన వీడియో కాల్ పెడితే వేసవిలో నాకు ఇది స్పష్టంగా కనబడుతుంది. ఫ్యాన్ కూతపెడుతుంది, కీబోర్డు పై వరస ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, ఫార్ములాలు నత్తనడక నడుస్తాయి. చలికాలంలో ఇదే షీటు ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటుంది. కంప్యూటర్ పత్రికల్లో సమీక్షలు ఏసీ గదుల్లో రాసేవి కాబట్టి ఈ తేడా వాటిలో కనబడదు. కాశీపురం రోడ్డు ఎర్ర దుమ్ము ఫ్యాన్‌లో చేరితే పరిస్థితి ఇంకా పాడవుతుంది. ఏడాదికోసారి అడుగు మూత విప్పించి శుభ్రం చేయిస్తున్నాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడీ పడదు, ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండటమూ పడదు. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ఛార్జరు తీయకుండా ఉంచడం అందరికీ అలవాటు. మూడో వేసవిలో టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా అనిపించసాగింది. విప్పి చూస్తే కింద బ్యాటరీ వాచింది. మందపాటి పాత ల్యాప్‌టాప్‌లో కాస్త ఖాళీ ఉండేది, ఇందులో కాగితం దూరేంత కూడా లేదు. అందుకే వాపు నేరుగా టచ్‌ప్యాడ్‌ను తోసింది. వాచిన బ్యాటరీని విమానంలో పంపకూడదు. కొరియర్ వాళ్లు తీసుకోలేదు, స్వయంగా విశాఖ తీసుకెళ్లాల్సి వచ్చింది. కొత్తది స్క్రూలతో బిగించేదే, అతికించింది కాదు. అందువల్ల మార్చడం అరగంట పని. అప్పటి నుంచి ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్ చేశాను. దాదాపు ప్రతి బిజినెస్ మోడల్‌లో ఈ సదుపాయం ఉంటుంది, కొన్న రోజే ఆన్ చేయండి.

మెమరీ సంగతి అలా కాదు. 16 జీబీ చాలక పెంచుదామని ఊళ్లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన మూత విప్పి, "ఇది బోర్డుకే అంటించీసేరు బాబూ, మనం చేసేదేమీ లేదు" అన్నాడు. ఇలా సోల్డర్ చేసిన మెమరీ తక్కువ కరెంటు తీసుకుంటుంది, వేగంగా ఉంటుంది, స్లాట్ అక్కర్లేదు కాబట్టి ఎత్తూ తగ్గుతుంది. కానీ అందులో ఒక చిప్ పోతే బోర్డంతా మార్చాలి. 2024లో వచ్చిన లెనోవో ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో ఎల్‌పీక్యామ్2 అనే కొత్తరకం మెమరీ పెట్టారు. పలుచగా ఉంటుంది, స్క్రూలు తీసి మార్చుకోవచ్చు. అది మామూలు మోడళ్లకూ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ మాత్రం విడిగా ఉంది. 512 జీబీ తీసి 1 టీబీ నేనే వేసుకున్నాను.

పోర్టులు రెండు టైప్‌సీ, ఒక పాత యూఎస్‌బీ, ఒక హెచ్‌డీఎంఐ. డిజిటల్ సంతకం టోకెన్లు (పెన్‌డ్రైవ్‌లా గుచ్చేవి) ఇప్పటికీ ఎక్కువగా పాత యూఎస్‌బీవే. ఆడిట్ రిపోర్టు అప్‌లోడ్ చేసేటప్పుడు సీఏ గారి టోకెన్ ఒకటి, క్లయింటుది ఒకటి, ఆపైన ప్రింటరు. ఒక పోర్టును నాలుగైదు చేసే హబ్ లేకుండా బయటికి వెళ్లను. మరోవైపు టైప్‌సీ ఛార్జింగ్ గొప్ప సుఖం. 65 వాట్ల ఛార్జరు ఒక్కటే ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ సరిపోతుంది, కరెంటు లేనప్పుడు మంచి పవర్ బ్యాంకుతోనూ నడుస్తుంది.

కీబోర్డులో కీ నొక్కితే దిగే లోతు 1.5 మిల్లీమీటర్లు. పాతదాని మీద కొట్టిన హాయి లేదు గానీ తప్పులు రావు. ఒడియా నోటీసులకు జవాబులు, తెలుగు ఉత్తరాలు రెండూ భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరుగా ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలోనే కొడతాను. రెండు లిపులకూ 'క' ఒకే మీట మీద ఉంటుంది, వేళ్లు తడబడవు. అంకెల ప్యాడ్ లేకపోవడం లెక్కల మనిషికి పెద్ద లోటే. చిన్న ప్యాడ్ విడిగా కొన్నాను. స్క్రీన్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10 (మామూలు 16:9 కన్నా ఎత్తు ఎక్కువ) కావడంతో ఎక్సెల్‌లో అడుగున నాలుగైదు వరసలు ఎక్కువ కనబడతాయి. ఇది చాలా బాగుంది. మూత పలుచన కాబట్టి కిక్కిరిసిన బస్సులో సంచి నలిగినప్పుడు కీల అచ్చులు స్క్రీన్ మీద పడుతున్నాయి. మధ్యలో పలుచని గుడ్డ పెట్టి మూస్తున్నాను.

ఇంకో మూడు మిల్లీమీటర్ల మందం ఇచ్చి పెద్ద ఫ్యాన్, విప్పగలిగే మెమరీ, ఇంకో పాత యూఎస్‌బీ పెడితే, బరువు 1.3 కిలోలైనా సంతోషంగా మోస్తాను. సర్వీస్ సెంటర్ కోసం విశాఖకో భువనేశ్వర్‌కో పోవాల్సిన ఊళ్లలో ఉన్నవాళ్లు కొనే ముందు ఒక పని చేయండి. పెద్ద కంపెనీలు బిజినెస్ మోడళ్లకు సర్వీస్ మాన్యువల్‌ను వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచుతాయి. అందులో బ్యాటరీ, ఫ్యాన్, ఛార్జింగ్ పోర్టు తీసే పేజీలు చూడండి. బ్యాటరీ స్క్రూలతో ఉందా, పోర్టు విడి బోర్డు మీద ఉందా, లేక మదర్‌బోర్డుకే అతికి ఉందా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది.