పర్లాకిమిడిలో పాత కారు స్టీరింగ్ చూపించాలంటే ఈ షెడ్డే, 5కి 4

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 4, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు వెళ్ళే రోడ్డులో రేకుల షెడ్డు, బోర్డు మీద సగం ఒడియా సగం తెలుగు, రెండూ ఎండకి వెలిసిపోయాయి. ముందు ఎప్పుడు చూసినా ఏదో ఒక బొలేరో జాకీ మీద ఉంటది, అదే గుర్తు పెట్టుకోండి.

నాది 2008 డీజిల్ చిన్న కారు, ఆయిల్‌తో నడిచే పవర్ స్టీరింగ్. కంపెనీ పేరు ఎందుకులెండి, వయసైపోయిన బండి. ప్రాబ్లం ఏంటంటే స్టీరింగ్ మొత్తం గట్టిగా ఉంటే అదో లెక్క, ఇది అలా కాదు, తిప్పుతుంటే కొంచెం దూరం తేలిగ్గా పోతది, తర్వాత బిగుసుకుంటది, మళ్ళీ వదిలేస్తది, పైగా మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రాదు మనమే లాక్కోవాలి. ఊళ్ళో అయితే ఎలాగోలా లాగించొచ్చు గానీ మోహనా మీదుగా బరంపురం వెళ్ళేటప్పుడు తప్తపాణి ఘాటీలో ఆ మలుపుల మధ్య చేతిలో స్టీరింగ్ బిగుసుకుంటే ఎలా ఉంటదో డ్రైవింగ్ చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక్కడికి రాకముందు వైజాగ్‌లో ఒక వర్క్‌షాపులో చూపించాను. నిలబెట్టిన బండిలో కూర్చుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి "ర్యాక్ పోయింది సార్, 18,000, లేబర్ వేరే" అన్నారు. ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి ముందు చక్రాల్ని తిప్పే పళ్ళ కడ్డీ. ఇంకొకళ్ళు అలైన్‌మెంట్ అన్నారు. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి పక్కకి లాగుతది, టైర్లు ఒకవైపు అరుగుతాయి, ఇలా ఆగి ఆగి బిగుసుకోవడం దానివల్ల రాదు కదా.

షెడ్డు పెద్దాయనకి ఈ ర్యాక్ సంగతి చెప్తే నవ్వి "ఎవులు సెప్పినారు బాబూ, విప్పి సూసినారా?" అన్నాడు. విప్పలేదు అన్నాను. ముందు టైర్లలో గాలి కొలిచాడు, ముందు రెండూ 24 పీఎస్ఐ ఉన్నాయి, డోర్ దగ్గర స్టిక్కర్ చూసి 30 చేయించాడు. కొంచెం తేలికైంది గానీ ఆ బిగుసుకోవడం అలాగే ఉంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చెయ్యమన్నాడు. ఐడిల్‌లో గట్టిగా ఉండి రేజ్ చేస్తే తేలికైతే బెల్టు వదులో పంపు వీకో అనుకోవచ్చట, నాది రెండిట్లోనూ ఒకేలా ఉంది. ఆయిల్ డబ్బా మూత తీసి చూశాడు, లెవెల్ ఉంది, నురగ లేదు, మాడిన వాసనా లేదు. నురగ ఉంటే లోపల గాలి చేరినట్టు. ఇదంతా పది నిమిషాల పని, ఒక్క బోల్టు విప్పలేదు.

అసలు పని ఆ తర్వాత. ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, స్టీరింగ్ పైన మధ్యలో చిన్న టేపు ముక్క అంటించి, మెల్లగా తిప్పు, ఎక్కడ బిగిసిందో చెప్పు అన్నాడు. చెప్పాను. ఒక రౌండుకి రెండుసార్లు, సరిగ్గా సగం రౌండు తేడాతో, తర్వాతి రౌండులో కూడా టేపు అదే చోటికి వచ్చినప్పుడే. అప్పుడే అనేశాడు, ఇది కింద క్రాస్ అని. స్టీరింగ్ కింద ఉండే కాలమ్ నుంచి ర్యాక్‌కి వెళ్ళే రాడ్డుకి ఉంటదే ఆ జాయింటు, దాంట్లో ఒక పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంటే రౌండుకి రెండుసార్లు అదే పొజిషన్‌కి వస్తది, అందుకే రెండుసార్లు పడతది. ర్యాక్‌లో పళ్ళు అరిగితే చక్రాలు ఏదో ఒక యాంగిల్‌లో ఉన్నప్పుడే పట్టేస్తదట, అంతేగానీ ప్రతి రౌండుకీ రాదు. ఇంత చిన్న విషయం అంత పెద్ద వర్క్‌షాపులో ఎవరికీ నిజంగానే తట్టలేదో, తట్టినా 18,000 ముందు అక్కర్లేకపోయిందో.

అయినా నోటిమాటతో వదల్లేదు. చక్రాలు తిన్నగా పెట్టి, రాడ్డు మీదా పినియన్ (ర్యాక్‌ని జరిపే చిన్న పళ్ళ చక్రం) మీదా మార్కు గీసి కింద బోల్టు తీసి విడదీశాడు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండైతే అలా విప్పినప్పుడు స్టీరింగ్ కదలకుండా కట్టెయ్యాలి, లేకపోతే లోపల ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్ళే వైరు చుట్ట తెగిపోద్ది అన్నాడు, నాదాంట్లో ఎయిర్‌బ్యాగే లేదు. చక్రాలు చేత్తో తోస్తే ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా కదిలాయి, అంటే ర్యాక్ బాగానే ఉంది. ఆ క్రాస్ నా చేతికిచ్చాడు, ఒకవైపు వంగుతుంది, రెండోవైపు తుప్పుపట్టిన కుళాయిలా మొరాయిస్తుంది. ఆయిల్ కొట్టి బిగించెయ్యొచ్చుగా అంటే కొన్నాళ్ళే ఆగుద్ది, మళ్ళీ ఘాటీలోనే పడతావు అని ఒప్పుకోలేదు.

స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి కుర్రాడి చేత స్టీరింగ్ తిప్పించి కుడివైపు షాకర్ పైన బేరింగ్ కొంచెం ఎండినట్టుందని కూడా చెప్పాడు. ఇప్పుడు మార్చక్కర్లేదు, షాకర్ దింపినప్పుడు చూద్దాం అన్నాడు. నాకు నచ్చింది ఇదే, అక్కడే ఇంకో బిల్లు పెంచొచ్చు, పెంచలేదు.

పార్టు ఇక్కడ దొరకదు, శ్రీకాకుళం నుంచి బస్సులో పార్సిల్ తెప్పించాలి. రాడ్డుతో సహా 1,900, కూలి 600. ఇప్పుడు మలుపు తిరిగాక చెయ్యి వదిలితే తిరిగొస్తుంది, మునుపటి కంటే చాలా హాయిగా ఉంది.

ఇక ఆ ఒక్క మార్కు. ఫోన్ ఎత్తడు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిస్తాడు. రేపు అంటే రేపు కాదు, పార్సిల్ వచ్చినా ముందు లారీల పని, మన వంతు ఎప్పుడొస్తే అప్పుడే. అలైన్‌మెంట్ మిషన్ లేదు, పని అయ్యాక దానికి వేరే చోటికి పోవాలి. ఇంకోటి, మోటార్‌తో నడిచే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ బండ్లు ఇక్కడికి తీసుకెళ్ళి టైం వేస్ట్ చేసుకోకండి, ఆయనే చూడనంటాడు. వాటికి ముందు బ్యాటరీ ఓల్టేజీ, ఫ్యూజు చూసుకుని స్కానర్ ఉన్న చోటికి పోవడమే. పాత ఆయిల్ బండో, పవర్ లేని మారుతీ 800 లాంటిదో అయితే పొద్దున్నే షెడ్డు తెరిచే టైముకి వెళ్ళండి, పది దాటితే లారీల వాళ్ళు వచ్చేస్తారు.