ఫార్మసిస్టుల జాతీయ సదస్సు అని ఫీజు కట్టే ముందు ఇది చదవండి: విజయవాడ, గుంటూరు మందుల షాపుల వాళ్లకు హెచ్చరిక

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మందుల షాపులు నడుపుకునేవాళ్లూ, కౌంటర్ మీద పనిచేసే ఫార్మసిస్టులూ దీన్ని పూర్తిగా చదివాకే ఏ సదస్సుకైనా డబ్బు కట్టండి. "కమ్యూనిటీ ఫార్మసిస్టుల జాతీయ సదస్సు, రెండు రోజులు, విజయవాడ" అని వాట్సాప్‌లో తిరిగిన ఒక రంగుల బ్రోచర్ చూసి మనవాళ్లు చాలామంది కట్టేశారు. డెలిగేట్ ఫీజు 3,500, ఇన్‌హేలర్, ఇన్సులిన్ పెన్ వర్క్‌షాపుకి విడిగా 1,500, వాటి మీద 18 శాతం జీఎస్‌టీ 900. మొత్తం 5,900 రూపాయలు. తీరా చేతికి వచ్చింది ఒకటిన్నర పూట కార్యక్రమం, పేరు రాయని సర్టిఫికెట్, జీఎస్‌టీ నంబరు లేని రసీదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో, డబ్బు చేయి దాటకముందే దాన్ని ఎలా పసిగట్టవచ్చో మాత్రం దాచకుండా రాస్తున్నాం.

అందరినీ పడగొట్టిన మాట ఒక్కటే: "మా సర్టిఫికెట్ రెన్యూవల్‌కి చెల్లుతుంది, 10 క్రెడిట్ పాయింట్లు ఇస్తాం." పాయింట్లు అనగానే అనుమానం రావాలి. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ఉన్నది కోర్సుల లెక్క. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి అయిదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కోటి కనీసం ఒక రోజు. క్రెడిట్ గంటలు, పాయింట్లు అనేవి డాక్టర్ల మెడికల్ కౌన్సిళ్ల పద్ధతి. ఆ మాటను తెచ్చి మన బ్రోచర్‌లో అతికించారంటే, రాసినవాళ్లకి మన నిబంధన తెలియదు, లేదా మనకి తెలియదని వాళ్ల నమ్మకం.

బ్రోచర్ మీద ఫార్మసీ కౌన్సిల్ లోగో ఉంది కదా అని ఊరుకోకండి. లోగోని ఎవరైనా అతికించుకోవచ్చు. అడగాల్సింది కౌన్సిల్ ఇచ్చిన గుర్తింపు లేఖ. ఆ లేఖలో నంబరు, తేదీ, కార్యక్రమం పేరు, జరిగే రోజులు, ఊరు, నిర్వాహక సంస్థ పేరు ఉండాలి. ఇవన్నీ బ్రోచర్‌తో సరిపోవాలి. పాత ఏడాది లేఖనే ముందు పెట్టి చూపించడం, వేరే ఊళ్లో జరిగిన కార్యక్రమానికి ఇచ్చిన లేఖని చూపించడం ఎక్కువగా జరిగే పనులు. "అప్లై చేశాం అండి, సదస్సు లోపు వచ్చేస్తుంది" అన్నారంటే ఇప్పటికి లేదనే అర్థం. లేఖ నంబరు రాసుకుని రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌కి మీరే ఒక మెయిల్ పెట్టండి. నోటిమాట వద్దు, జవాబు రాతలో ఉంచుకోండి.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఒక రోజు కోర్సు అంటే రోజంతా కూర్చోవాలి కదా. ఇక్కడ మొదటిరోజు పదకొండు గంటలకే కిట్టు బ్యాగుతో పాటు సర్టిఫికెట్ కూడా చేతిలో పెట్టారు. పేరు దగ్గర గీత మాత్రమే, రిజిస్ట్రేషన్ నంబరుకి చోటే లేదు, ఎన్ని గంటలో లేదు. ఎవరి పేరైనా రాసుకోగల కాగితాన్ని ఏ కౌన్సిల్ అయినా ఎందుకు నమ్మాలి? పైగా రాలేనివాళ్లకి 1,000 రూపాయలకి పంపిస్తామని కూడా చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. హాజరు కాని కోర్సు సర్టిఫికెట్ రెన్యూవల్‌లో పెడితే తర్వాత జవాబు చెప్పుకోవాల్సింది నిర్వాహకుడు కాదు, మీరు. తప్పుడు సమాచారంతో నమోదైనా, వృత్తిలో దుష్ప్రవర్తన రుజువైనా రిజిస్టర్ నుంచి పేరు తీసేయడానికి 1948 ఫార్మసీ చట్టం 36వ సెక్షన్ దారి ఇస్తుంది. వెయ్యి రూపాయల కాగితం కోసం మొత్తం బతుకుతెరువుని పణంగా పెట్టడమే అది.

వర్క్‌షాపు గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే అసలు బాధ అక్కడే. బ్రోచర్‌లో "చేతులతో చేసి నేర్చుకునే శిక్షణ" అని ఉంది. హాలులో అరవై మంది, పరికరం ఒక్కటి, సమయం 45 నిమిషాలు. అంటే మనిషికి 45 సెకన్లు. ఇన్‌హేలర్ పీల్చాక ఊపిరి బిగబట్టడానికే 10 సెకన్లు కావాలి. అంతకంటే ఘోరం, డమ్మీ బదులు మందు ఉన్న సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌నే, మౌత్‌పీస్ మార్చకుండా, ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి తిప్పారు. శుభ్రత గురించి జనానికి చెప్పాల్సిన మనమే అలా చేస్తే ఏమనుకోవాలి? మందు లేని ప్లాసిబో డబ్బా, మనిషికో డిస్పోజబుల్ మౌత్‌పీస్ లేకుండా ఇన్‌హేలర్ శిక్షణ పెట్టకూడదు. డబ్బు కట్టే ముందే అడగండి: ఎన్ని డమ్మీలు, బ్యాచికి ఎంతమంది, నేర్పేవాళ్లు ఎందరు? ఒక శిక్షకుడికి ఎనిమిది, పది మంది మించితే అది వర్క్‌షాపు అనిపించుకోదు.

నేర్పే విషయం సరైనదో కాదో కూడా ముందే తెలుసుకోవచ్చు. ప్రోగ్రాం షీటు తెప్పించుకుని చూడండి. పంప్ ఇన్‌హేలర్‌ని ఊపి, గాలి బయటికి వదిలి, నెమ్మదిగా లోతుగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, 10 సెకన్లు బిగబట్టాలి, రెండో పఫ్‌కి అరనిమిషం నుంచి నిమిషం ఆగాలి. పొడి మందు పరికరానికి నొక్కడం ఉండదు, అక్కడ పీల్చడం జోరుగా, గట్టిగా ఉండాలి. ఈ రెండిటినీ కలిపేయడం కౌంటర్ దగ్గర కనపడే పెద్ద పొరపాటు. పొడి మందుని మెల్లగా పీల్చితే మందు లోపలికి పోదు, పంపుని జోరుగా పీల్చితే గొంతులోనే అంటుకుంటుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఆ హాలులో రెండిటికీ ఒకే తీరు నేర్పి పంపించారు. మిర్చి యార్డులో ఘాటుకి ఆయాసపడుతూ గుంటూరు కొత్తపేటకి మందుకి వచ్చే కూలీకి, ఇన్‌హేలర్ ఎలా వాడాలో చివరిగా చెప్పేది మన కౌంటరే. తప్పు నేర్చుకుని వెళ్లి అతనికి తప్పు చెబితే ఆ డబ్బు, ఆ మందు, ఆ ఊపిరి అన్నీ వృథా.

ఇన్సులిన్ పెన్ కూడా అంతే. ప్రతిసారి కొత్త సూది, ముందు 2 యూనిట్లు బయటికి తోసి చుక్క వస్తుందో లేదో చూసుకోవడం, 4 మిల్లీమీటర్ల సూది అయితే నిటారుగా గుచ్చడం, బటన్ నొక్కాక పది లెక్కపెట్టి తీయడం. పది లెక్కపెట్టకపోతే చివరి చుక్కలు చర్మం మీదే మిగిలిపోతాయి, షుగర్ అదుపులోకి రాలేదని పేషెంటు మళ్లీ వస్తాడు. తెరవని పెన్ 2 నుంచి 8 డిగ్రీల్లో, డీప్ ఫ్రీజర్ గోడకి తగలకుండా ఉండాలి. వాడుతున్నది ఎక్కువ రకాలకి 28 రోజులు, కచ్చితంగా ఎన్ని రోజులో ఆ పెట్టెలో కాగితం చూసి చెప్పాలి. బీపీ మెషీన్ దగ్గర కూడా పేషెంటుని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, మాట్లాడనివ్వకూడదు, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, చేతికి చుట్టే కఫ్ చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఇవేవీ ప్రోగ్రాంలో లేకుండా "రోగి సేవలో ఫార్మసిస్టు పాత్ర" లాంటి శీర్షికలే వరసగా కనిపిస్తే, వక్తల పేర్ల ఎదురుగా సమయం లేకపోతే, అది ఉపన్యాసాల సభ.

మధ్యాహ్నం తర్వాత సగం సెషన్లు ఒక పోషకాహార పౌడర్ కంపెనీ అమ్మకాల ప్రచారమే. మార్జిన్ ఎంత, పదికి అయిదు ఫ్రీ అన్న స్కీములు. స్టాళ్ల దగ్గర ఆర్డరు ఫారాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నారు. ఇక్కడ మరీ జాగ్రత్త. మందు కొంటే హోల్‌సేల్ లైసెన్సు 20బి, 21బి నంబర్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లు మీద ఉండాలి. లైసెన్సు లేనివాళ్ల దగ్గర కొన్న సరుకు మీ ర్యాకులో దొరికితే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగేది మిమ్మల్నే. పోషకాహారం పేరుతో అమ్మేదానికి 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ఉంటుంది, అది మందు కాదు. స్కీము సరుకు తీసుకుంటే ముందు గడువు చూడండి, ఫ్రీ పెట్టెలు చాలాసార్లు దగ్గరపడిన గడువువే.

షాపు సంగతి కూడా మర్చిపోకండి. నిర్వాహకుల తరఫున ఫోన్ చేసిన కుర్రాడు "రెండు రోజులు మీ సేల్స్‌మన్ చూసుకుంటాడులెండి" అని చెప్పాడు. అది తప్పు సలహా. ప్రిస్క్రిప్షన్ మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి, అందులోనూ షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందులకి డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు, పరిమాణం రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. లైసెన్సు మీద మీ ఒక్కరి పేరే ఉంటే ఆ వేళల్లో షాపు మూయాలి, లేదా ఇంకో ఫార్మసిస్టు పేరు లైసెన్సులో ముందే చేర్పించుకోవాలి. రెండు రోజుల అమ్మకం పోతుందన్నది కూడా ఫీజులో కలిపి లెక్కేసుకోండి.

డబ్బు కట్టే దగ్గర చూడాల్సినవి కొన్ని. క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు సంస్థ పేరు బదులు ఎవరో ఒక మనిషి పేరు వస్తే అక్కడే ఆగిపోండి. ఈ సదస్సుకి కట్టినవాళ్లందరికీ ఒక వ్యక్తి పేరే కనిపించింది, "మా ట్రెజరర్" అని చెబితే నమ్మేశారు. జీఎస్‌టీ వేస్తే జీఎస్‌టీ నంబరు అడగండి. దానికి 15 అంకెలూ అక్షరాలూ ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ పాన్ నంబరు. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే అసలు పేరు, యాక్టివ్‌గా ఉందా రద్దయిందా అన్నది చూపిస్తుంది. నంబరు లేనివాళ్లకి జీఎస్‌టీ వసూలు చేసే హక్కే లేదు. హాలు బుకింగ్ నిజమో కాదో ఆ హోటల్ బ్యాంక్వెట్ విభాగానికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఇక్కడ బెంజ్ సర్కిల్ దగ్గర హాలు అని చెప్పి, మూడు రోజుల ముందు ఊరి చివరి చిన్న హాలుకి మార్చారు. బస్టాండు నుంచి అక్కడికి ఆటో ఖర్చు వేరే. శ్రీకాకుళం, కర్నూలు నుంచి వసతితో కలిపి కట్టేవాళ్లు మీ పేరు మీద గది బుకింగ్ నంబరు లేకుండా డబ్బు ఇవ్వకండి. రిఫండ్ షరతులు రాతలో లేకపోతే రిఫండ్ లేనట్టే అనుకోండి.

ఇప్పటికే కట్టినవాళ్లు ఈ వరసలో చేయండి. బ్రోచర్, వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, గ్రూపు నుంచి తీసేసినా మీ దగ్గర ఉంటుంది. యూపీఐ అయితే ఆ చెల్లింపుకి వచ్చిన 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు రాసుకోండి. క్రెడిట్ కార్డు అయితే ఆలస్యం చేయకుండా బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టండి. తర్వాత నిర్వాహకులకి 15 రోజుల గడువుతో మెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. అందులో ఏం చెప్పి ఏం ఇవ్వలేదో వాక్యాలుగా రాయండి: కౌన్సిల్ గుర్తింపు, వర్క్‌షాపు, పన్ను బిల్లు. కోపం మాటలు వద్దు. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట గానీ పనిచేసే చోట గానీ వేయవచ్చు, అంటే సదస్సు విజయవాడలో జరిగినా గుంటూరు షాపు ఆయన గుంటూరులోనే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. "వ్యాపారం కోసం కొన్న సేవ కాబట్టి మీరు వినియోగదారులు కారు" అని అవతలివాళ్లు వాదించే వీలుంది, కాబట్టి చేరింది వ్యక్తిగతంగా వృత్తి శిక్షణకీ, రెన్యూవల్‌కీ అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, రసీదు షాపు పేరు మీద కాకుండా మీ పేరు మీద ఉంటే ఇంకా మంచిది. డబ్బు తీసుకుని సదస్సే పెట్టకపోతే అది సైబర్ మోసం, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పేరు రాయని ఆ సర్టిఫికెట్ మీ దగ్గర ఉంటే మీ చేత్తో ఏమీ రాయకండి. రెన్యూవల్ దరఖాస్తుకి జతచేయకండి, చించేయకండి కూడా. ఫిర్యాదులో అదే పెద్ద ఆధారం, ఖాళీగానే కవరులో పెట్టి ఉంచండి.