అడవి దారులకి మారుతి జిమ్నీనా, మహీంద్రా థారా?

మారేడుమిల్లి నుంచి గుడిసె కొండకి వెళ్లే దారి చూసినవాళ్లకి తెలుసు, అక్కడ మామూలు కారు పనికిరాదు. అన్నీ రాళ్లు, గుంతలు, వాన పడితే జారుడు మట్టి. నేను జిమ్నీ తీసుకున్నది ఇలాంటి దారుల కోసమే, ఇప్పటికీ అదే సరైన నిర్ణయం అంటాను. బరువు దాదాపు 1200 కిలోలే కాబట్టి బురదలో దిగబడే భయం తక్కువ, వెడల్పు కూడా తక్కువే కాబట్టి ఇరుకు బాటలో ఎదురుగా జీపు వచ్చినా పక్కకి ఒదగొచ్చు, పైగా ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారంలో ఉండే గట్టి చట్రం), 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) ఉన్నాయి. దిగుడులో ఫోర్-ఎల్ (నాలుగు చక్రాలకీ తక్కువ వేగంలో ఎక్కువ బలం ఇచ్చే మోడ్) వేసి మొదటి గేరులో వదిలితే బండి తనంతట తనే మెల్లగా దిగుతుంది. అది చూశాక నా టెన్షన్ సగం పోయింది.

నలుగురు, నాలుగు బ్యాగులు అంటే మాత్రం జిమ్నీలోని 208 లీటర్ల డిక్కీ చాలదు. బరువు లాగాలంటే 300 ఎన్ఎం టార్క్ (ఇంజిన్ లాగే బలం) ఉన్న థార్ 2.2 డీజిలే మేలు, జిమ్నీది 134. ఏది కొన్నా ముందు ఆల్-టెర్రెయిన్ టైర్లు (మట్టి, రాళ్ల దారుల్లోనూ పట్టు ఇచ్చేవి) వేయించండి, తారు రోడ్డెక్కగానే టూ-హెచ్‌కి (రెండు చక్రాలే తిప్పే మామూలు మోడ్‌కి) మార్చండి. వేట కోసం బండి అడిగేవాళ్లకి ఒకటే మాట: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. ఫారెస్టు వాళ్లు అనుమతించిన దారి కూడా దాటొద్దు.