టస్కనీ తెల్లబాటలా, పో నది కరకట్టా?

ఇటలీ పల్లెల్లో ప్రశాంతంగా సైకిల్ తొక్కాలంటే నాకు రెండు దారులు గుర్తొస్తాయి. మొదటిది టస్కనీలోని ఎరోయికా మార్గం. గాయోలె ఇన్ కియాంతీలో మొదలై, 209 కిలోమీటర్లు చుట్టి అక్కడికే చేరుతుంది. తెల్ల కంకర బాటలను తారు మింగేయకూడదన్న తపనతోనే 1997లో ఎరోయికా సైకిల్ యాత్ర పుట్టింది. ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, గుట్టల మీద రాతి ఊళ్లు ఎంత చూసినా తనివి తీరదు. కానీ కొండ మీది ఊరు మోంతల్చీనోకు ఎక్కే దారి ఊపిరి తీసేస్తుంది. సన్నని టైర్లు కంకరలో జారతాయి. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము.

రెండోది ఫెరారా జిల్లాలోని డెస్ట్రా పో. స్టెల్లాతా నుంచి సముద్రం దాపునున్న గోరినో వరకు పో నది కుడిగట్టు మీద 120 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. ఎక్కడా ఎత్తు లేదు, కార్ల బెడద దాదాపు లేదు. పిల్లలతోనూ వెళ్లవచ్చు. అయితే నీడ తక్కువ, వేసవిలో దోమలు ఎక్కువ.

కొత్తవారికి పో గట్టే మేలు. కాళ్లలో సత్తువ ఉంటే మాత్రం, మే నెలలో, టస్కనీనే ఎంచుకోండి. అంత అందం చదునైన నేల మీద దొరకదు.