నాయనమ్మ నవారు మంచం: బోల్టులు వద్దన్న అమ్మ

నవారు మంచానికి గాలి ఆడుతుంది, వేసవిలో హాయిగా ఉంటుంది అని అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను. హనుమకొండలో మా ఇంటి వసారాలో ఉన్న టేకు మంచం నాయనమ్మది. ఆమె పోయాక నా పడక అయింది. దాని మీద నాకున్న మోజంతా ఒక్క విషయంలోనే: సడలిపోయిన మంచాన్ని ఇంట్లోవాళ్లమే మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

అది తేలింది 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వెళ్తూ కరీంనగర్ చుట్టాలు మా ఇంట్లో దిగినప్పుడు. మేనత్త కొడుకు బరువుకు తూచి తెచ్చిన మొక్కు బెల్లాన్ని చీమల భయంతో మంచం మీద పేర్చారు. మిగిలిన కాస్త చోట్లో మా కాక చాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. కిర్రుమని చప్పుడైంది. తలవైపు పట్టె (చట్రం కర్ర) కోడులోంచి, అంటే మంచం కాలులోంచి ఊడి, బెల్లం, చాయ్, కాక ఒకేసారి నేలకు చేరారు.

జాతర అయ్యాక వడ్రంగిని పిలిస్తే రెండు బోల్టులు బిగిస్తానన్నాడు. అమ్మ ససేమిరా అంది. నిజానికి ఈ మంచానికి ఒక్క మేకు కూడా లేదు. పట్టెల కొనలు కోళ్ల రంధ్రాల్లో దిగి ఉంటాయంతే, వాటిని లోపలికి అదిమిపట్టేది నవారు బిగువే. నవారు సడలితే కోళ్లూ ఊగుతాయి. పట్టెను దాని రంధ్రంలో దూర్చి, అడ్డంగా అల్లిన నవారు చివరి ముడి విప్పి, ఒక్కో వరుసలోని వదులును పక్క వరుసకు లాగుతూ పోయాం. నేను పట్టెకు పాదం తన్నిపెట్టి లాగడం, లాగినది జారకుండా అమ్మ అదిమి పట్టడం. అన్నీ అయ్యేసరికి చివర మూరకు పైగా నవారు మిగిలింది!

మధ్యలో, ఎప్పుడూ దుప్పటి కింద ఉండే వరుసలో, నీలం అంచు ముక్క ఒకటి కనిపించింది. నాయనమ్మ దబ్బనంతో, గోనెసంచి దారంతో వేసిన అతుకు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, చూపు తగ్గాక వేసినవి కాబోలు. చుట్టూ నవారు పీచులేచినా ఆ అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. బిగింపు అయ్యాక ఆమె వేలి కణుపులతో కొట్టి చూసేదట. డప్పులా మోగకపోతే, బాపు పొలం నుంచి అలసి వచ్చినా సరే, మళ్లీ మొదటి నుంచి లాగాల్సిందే.

నడుం నొప్పికి దీన్ని మించింది లేదని ఊరంతా చెప్పి తిరిగాను. బిగించిన కొత్తలో అది నిజమే. పోనుపోను నడుమ గుంట పడుతుంది, వానాకాలంలో మరీ తొందరగా. చలికాలంలో కింది నుంచి చలి కొడుతుంది కాబట్టి వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా మడిచి పరుచుకుంటాను. (వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాదానికి అంతకుముందే చిరుగులు వచ్చాయి.) కోళ్ల రంధ్రాల్లో నల్లులు చేరితే మరిగే నీళ్లు పోసి ఎండలో నిలబెట్టడం ఉండనే ఉంది.

నాకైతే సరిపోయింది. వసారా ఉంది, ఎండ పడే వాకిలి ఉంది, అదిమి పట్టడానికి అమ్మ ఉంది. మూడో అంతస్తు ఫ్లాటులో ఒంటరిగా ఉండే తమ్ముడికి మాత్రం వద్దనే చెప్పాను. సడలదంటున్నారని వాడు ప్లాస్టిక్ నవారు మంచం కొనుక్కున్నాడు. అలాంటిదాని మీద చుట్టాలింట్లో ఒక రాత్రి పడుకున్నాను, చెమటకు వీపంతా అతుక్కుపోయింది. ఏప్రిల్ రానీ, వాడినే అడుగుతాను.