రిపోర్ట్ బటన్: ఆరేళ్ల వాడకం తర్వాత

సోషల్ మీడియాలో రిపోర్ట్ బటన్ ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. నేను రాసేది అది నొక్కాక వచ్చే జవాబు గురించి.

2022లో మా చెల్లెలి ఫొటో పెట్టి ఎవరో దొంగ అకౌంట్ తెరిచారు. డబ్బులు పంపమని చుట్టాలందరికీ మెసేజ్‌లు వెళ్లాయి. ఫిర్యాదు చేసిన సాయంత్రానికే ఆ అకౌంట్ పోయింది. సోషల్ మీడియా కంపెనీలకు కేంద్రం పెట్టిన 2021 ఐటీ నియమాల్లో ఇలాంటివాటికి అప్పట్లో ఉన్న గడువు 24 గంటలు. ఆ రోజుల్లో ఈ బటన్‌ను కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా మెచ్చుకున్నాను.

మరుసటి ఏడాది మా ఊరి చెరువులో చేపలు చచ్చి తేలాయి. పైనుంచి నీళ్లొచ్చే కాలువ వెంబడి నడుచుకుంటూ వెళ్లి నాలుగు నిమిషాల వీడియో తీసి పెట్టాను. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవర్నీ తిట్టలేదు. నురగ చూపించాను, వాసన గురించి చెప్పాను, అంతే. రెండో రోజు పొద్దున్నే చూస్తే వీడియో లేదు. 'మా ప్రమాణాలకు విరుద్ధం' అని ఒక్క వాక్యం ఉంది. ఏ ప్రమాణం? వీడియోలో ఎక్కడ? కొందరు కూడబలుక్కుని రిపోర్ట్ కొట్టారని తర్వాత తెలిసింది. ఆ సోషల్ మీడియా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాస్తే మళ్లీ అదే వాక్యం వచ్చింది.

నా కడుపుమంట అంతా ఆ వాక్యం మీదే. 50 లక్షలకు పైగా యూజర్లున్న కంపెనీ తనంతట తాను పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, మన వాదన వినాలి అని ఆ ఐటీ నియమాల్లోనే 4(8) దగ్గర ఉంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్షించే 66ఏ సెక్షన్ ఐటీ చట్టంలో ఉన్నప్పుడు, 2012లో, మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక పోస్టు పెట్టినందుకు ఒకమ్మాయిని, లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. ఆ సెక్షన్‌లోని మాటలకు స్పష్టమైన అర్థం లేదని కూడా చెప్పి 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టంలో ఉండకూడదన్న ఆ అస్పష్టత కంపెనీ జవాబులో ఎందుకుండాలి?

చివరికి, కంపెనీ జవాబు నచ్చనివాళ్ల అప్పీళ్లు వినే గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లాను. కేంద్రం 2023లో పెట్టిన కమిటీలివి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబొచ్చిన 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అప్పీలు పెట్టుకోవాలి. పదకొండో రోజు వీడియో మళ్లీ కనిపించింది. నేనసలు ఆశ పెట్టుకోలేదు. మా ఆవిడను పిలిచి చూపించాను, ఇద్దరం మొదటినుంచి చివరిదాకా చూశాం.

అయితే వ్యవహారం కమిటీ నిర్ణయం దాకా వెళ్లనేలేదు. కంపెనీయే వీడియోను తిరిగి పెట్టేసింది. నా తప్పేమిటో, అసలు తప్పుందో లేదో ఇప్పటికీ తెలీదు. ఈలోగా వానలొచ్చి కాలువలో నురగా పోయింది, చూడ్డానికొచ్చేవాళ్లూ లేరు. ఇంకో సంగతి, ఈ కమిటీ సభ్యులను నియమించేది కేంద్ర ప్రభుత్వమే. నా పేచీ ఒక కంపెనీతో కాబట్టి నాకు సరిపోయింది. ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టు పోతే అక్కడికే వెళ్లమని ధైర్యంగా చెప్పలేను.

దొంగ అకౌంట్ కనిపిస్తే ఈరోజుకీ ముందు ఆ బటనే నొక్కుతాను. సొంత పోస్టు పోయినవాళ్లకు మాత్రం నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో మరి. నా వీడియో ఫోన్‌లో మిగిలే ఉంది. అప్పీలు ఇంగ్లీషులో మా అబ్బాయి రాసిపెట్టాడు. వాడు ఆ వారం సెలవులకు ఇంటికి రాకపోయుంటే నేను ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ని.